రెజిన్ ఎందుకు గట్టిపడదు? తోడుకీ జోడుకీ ఉన్న తేడా

రెండేళ్ల కిందట డిసెంబరులో మా వదినా నేనూ ఒకేసారి ఒకే రకం ఆర్ట్ రెజిన్ తెప్పించుకున్నాం, రెండు సీసాల్లోని ద్రవాలు కలిపి అచ్చులో పోస్తే గాజులా గట్టిపడుతుందే, అది. వదిన వాళ్లుండేది బెంగళూరు కేఆర్ పురంలో, మేముండేది చెన్నై పెరంబూరులో. ఇద్దరం ఒకే వీడియో చూసి, ఒకే కొలతతో, ఒకేలాంటి గుండ్రటి అచ్చుల్లో, గ్లాసుల కింద పెట్టుకునే కోస్టర్లు పోశాం. మర్నాడు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. "ఇంకా జెల్లీలాగే ఉంది, వేలు పెడితే దిగబడుతోంది" అంది. నాది గట్టిపడింది గానీ పైన తెల్లగా, మైనం పూసినట్టు ఒక పొర కట్టింది. ముట్టుకుంటే జిడ్డు. సరుకు డూప్లికేట్ అయి ఉంటుందని ఇద్దరం తేల్చేసుకున్నాం.

సరుకులో ఏ తప్పూ లేదు. తేడా రెండు ఊళ్ల గాలిలో ఉంది, రెజిన్ గురించి మేమిద్దరం అనుకున్న దాంట్లో ఉంది. ఆ తర్వాత కీచైన్లు, నేమ్ ప్లేట్లు, పెళ్లి దండల ఫ్రేములు చేసుకుంటూ వచ్చాక నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. ఈ పనిలో వచ్చే తంటాల్లో చాలా వాటికి మూలం రెజిన్ "ఆరుతుంది" అనుకోవడమే. పెయింటు ఆరుతుంది, అందులోని నీళ్లో థిన్నరో ఎగిరిపోతాయి కాబట్టి. ఎపాక్సీ రెజిన్‌లో అలా ఎగిరిపోయి గట్టిపడే పనే లేదు. పోసినదంతా అక్కడే ఉండి, తనలో తాను ముడిపడుతుంది. అందుకే ఫ్యాను కింద పెట్టినా ఎండలో పెట్టినా తడి బట్ట ఆరినట్టు ఆరదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే మిగతా చిక్కులన్నీ ఒక్కొక్కటిగా విడతాయి.

గుగ్గిలం, లక్క, ఎపాక్సీ

రెజిన్ అన్న మాట కొత్తగా వినిపిస్తుంది గానీ వస్తువు మనకు కొత్త కాదు. చెట్టు నుంచి కారే గుగ్గిలం, సాంబ్రాణి రెజిన్లే. పురుగు పెట్టే లక్క కూడా రెజినే. ఏటికొప్పాక బొమ్మల మీద, బెంగళూరుకు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నపట్న బొమ్మల మీద మెరిసేది లక్కే. రెండు చోట్లా వాడేది ఒకే జాతి కర్ర, మనం అంకుడు అంటామే, అదే. లేతు మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. మళ్లీ వేడి తగిలితే మళ్లీ కరుగుతుంది.

ఎపాక్సీ గుణం దీనికి వ్యతిరేకం. ఒకసారి గట్టిపడ్డాక ఎంత వేడి చేసినా కరిగి మళ్లీ ద్రవం కాదు. మెత్తబడుతుంది, ఇంకా వేడి చేస్తే మాడుతుంది, అంతే. ఉడికిన ఇడ్లీ తిరిగి పిండి కానట్టు. 1930ల చివర స్విట్జర్లాండ్‌లో పియెర్ కాస్తాన్, 1940ల్లో అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ విడివిడిగా దీని మీద పనిచేశారు. 1946లో అరాల్డైట్ అన్న పేరుతో జిగురుగా జనం ముందుకొచ్చింది. విరిగిన బొమ్మ అతికించడానికి రెండు ట్యూబులు కలిపిన అరాల్డైట్, కుళాయి పైపు కారితే రెండు ముద్దలు పిసికి పెట్టిన ఎం-సీల్, ఇవి రెండూ ఎపాక్సీలే. ఆర్ట్ రెజిన్ అని మనం కొనేది వాటి కుటుంబంలోదే, కాకపోతే నీళ్లలా తేటగా, పోయడానికి వీలుగా ఉంటుంది.

బజారుకు వెళ్లినప్పుడు ఇక్కడే ఒక గందరగోళం ఎదురవుతుంది. చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు దుకాణాల్లో "రెజిన్ కావాలి" అని ఊరికే అడిగితే ఫైబర్ రెజిన్ చేతిలో పెట్టవచ్చు. అది పాలిస్టర్. కాసిమేడులో కనిపించే ఫైబర్ పడవలు దానితో చేసినవే. 2004 సునామీ తర్వాత కట్టుమరాల చోట ఆ పడవలు బాగా పెరిగాయి. దాని ఘాటు వాసన అందులో ఉండే స్టైరీన్ అనే రసాయనానిది, ఇంట్లో భరించలేం. పైగా దానికి కోబాల్టు, కేటలిస్టు అని రెండు చిన్న సీసాలు ఇస్తారు. ఆ రెండింటినీ రెజిన్‌తో పని లేకుండా నేరుగా ఒకదాంట్లో ఒకటి కలిపితే మంటలు లేవవచ్చు, పేలనూ వచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోవద్దనే నా మాట. మూడో రకం యూవీ రెజిన్. ఒకే సీసాలో వస్తుంది, యూవీ దీపం కిందో ఎండలోనో నిమిషాల్లో గట్టిపడుతుంది. కానీ వెలుతురు లోపలికి చొరబడినంత మేరే గడ్డకడుతుంది కాబట్టి చెవిపోగులు, లాకెట్ల లాంటి పలచటి వాటికే పనికొస్తుంది.

తోడు వేరు, జోడు వేరు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పాలు తోడు పెట్టేటప్పుడు ఒక చెంచా మజ్జిగ వేస్తాం. చలికాలంలో ఇంకో చెంచా ఎక్కువ వేస్తే పెరుగు కాస్త తొందరగా పేరుకుంటుంది. మన చేతికి అలవాటైన లెక్క ఇది. రెజిన్ కొనగానే రెండో సీసా మీద "హార్డెనర్" అన్న మాట చూసి, ఇది కూడా తోడు లాంటిదే, ఇంకాస్త పోస్తే త్వరగా గట్టిపడుతుంది అనుకుంటాం. పాలిస్టర్ విషయంలో అది కొంతవరకు నిజం. దానికి వేసే కేటలిస్టు నూటికి ఒకటి రెండు పాళ్లే, తోడు లాగే పనిచేస్తుంది. ఎపాక్సీలో హార్డెనర్ తోడు కాదు, జోడు.

రెజిన్ సీసాలోని ప్రతి అణువుకూ రెండు కొసల్లో బిగుసుకుని ఉన్న చిన్న వలయాలు ఉంటాయి. హార్డెనర్ సీసాలోనివి అమీన్లు అనే అణువులు. అమీను వచ్చి తగిలితే ఆ వలయం తెరుచుకుని దానితో చెయ్యి కలుపుతుంది. ఒక్కో అమీను అణువుకు నాలుగు చేతులు ఉన్నాయనుకుందాం, అది నాలుగు రెజిన్ కొసల్ని పట్టుకుంటుంది. అవి పోయి ఇంకో అమీన్లను పట్టుకుంటాయి. ఇలా చేతులు కలుపుకుంటూ పోతే చివరికి కప్పులో ఉన్నదంతా ఒకే పెద్ద వల అవుతుంది. ఆ వలే మనం చేత్తో పట్టుకునే గాజులాంటి ముక్క. హార్డెనర్ ఎక్కువైతే మిగిలిన అమీన్లకు జోడు దొరకదు, అవి వల మధ్య ఖాళీగా తిరుగుతాయి. తక్కువైతే రెజిన్ కొసలు జోడు లేక మిగిలిపోతాయి. రెండు రకాలుగానూ వస్తువు మెత్తగా, జిడ్డుగా ఉండిపోతుంది. నెల ఆగినా బాగుపడదు. కలవాల్సినవి కప్పులోనే లేవు మరి.

అందుకే కొలత మీద ఇంత పట్టు. సీసా మీద 2:1 అని ఉంటుంది, కానీ అది గ్రాముల్లోనా మిల్లీలీటర్లలోనా అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది చూడరు. రెజిన్ బరువైన ద్రవం, మిల్లీలీటరుకు సుమారు 1.15 గ్రాములు. హార్డెనర్ తేలిక, ఒక గ్రాముకు కాస్త తక్కువే. 100 మిల్లీలీటర్ల రెజిన్‌కు 50 మిల్లీలీటర్ల హార్డెనర్ అంటే బరువులో దాదాపు 115 గ్రాములకు 48 గ్రాములు. అంటే 100 గ్రాములకు 42. మిల్లీలీటర్ల లెక్క ఇచ్చిన సీసాను త్రాసు మీద 100కు 50 అని తూచామంటే హార్డెనర్ ఆరో వంతుకు పైగా ఎక్కువ పడిపోయినట్టు. ఆ ఒక్క పొరపాటు చాలు.

ఇంకో సంగతి. వంటింటి త్రాసు గ్రాము లెక్కన చూపిస్తుంది. 300 గ్రాముల పని చేసేటప్పుడు సరిపోతుంది. రెండు కీచైన్లకు 15 గ్రాములు కలుపుతున్నామనుకోండి, అందులో హార్డెనర్ 5 గ్రాములే. త్రాసు అర గ్రాము అటూ ఇటూ చూపిస్తే పదో వంతు తేడా వచ్చేసింది. చిన్న వస్తువులే ఎక్కువగా జిడ్డుగా మిగిలిపోవడానికి ఇదొక కారణం. గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసు ఈ పనికి కొనుక్కోవలసిన మొదటి వస్తువు. గ్లిట్టర్లు, రంగులు, ఖరీదైన అచ్చులు తర్వాత.

కొలత సరిపోయినా కలపడంలో తప్పు జరగవచ్చు. కప్పు గోడలకు, అడుగు మూలలకు, కలిపే పుల్లకు అంటుకున్నది కలవకుండా ఉండిపోతుంది. చివర్లో కప్పు గీకి అచ్చులో వేస్తే ఆ భాగమంతా జిగట మచ్చలుగా తేలుతుంది. నేను మూడు నాలుగు నిమిషాలు గోడలు గీరుతూ నిదానంగా కలిపి, తర్వాత ఇంకో శుభ్రమైన కప్పులోకి వంచి మళ్లీ ఒక నిమిషం కలుపుతాను. మొదటి కప్పును గీకను. ఈ అలవాటు వచ్చాక నాకు జిగట మచ్చలు కనబడటం మానేశాయి.

ఎంత కలపాలో ముందే లెక్క వేసుకోవచ్చు. 10 సెంటీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న కోస్టరుకు 47 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే సుమారు 52 గ్రాములు. నాలుగింటికి 210. అచ్చులో నీళ్లు పోసి కొలవడం సులువే గానీ, తర్వాత ఆ అచ్చు పూర్తిగా ఆరకపోతే మిగిలిన తడి రెజిన్‌ను పాడుచేస్తుంది. బియ్యం పోసి కొలవడం మేలు, కాకపోతే గింజల మధ్య ఖాళీ వల్ల లెక్క ఉజ్జాయింపుగానే ఉంటుంది.

కప్పులోంచి పొగ

రెజిన్, హార్డెనర్ చెయ్యి కలిపినప్పుడల్లా కొంత వేడి పుడుతుంది. పలచగా పరిచితే ఆ వేడి గాలిలోకి పోతుంది. కప్పులో లోతుగా ఉంటే బయటికి పోయే దారి ఉండదు. వేడికి చర్య ఇంకా వేగం అందుకుంటుంది, వేగానికి ఇంకా వేడి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క. 25 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పోయడానికి వీలుగా ఉంటుందని సీసా మీద రాసి ఉంటే, మే నెల చెన్నైలో 35 డిగ్రీల గదిలో 20 నిమిషాలకే పని ముగించుకోవాలన్నమాట.

ఆ మొదటి ఎండాకాలంలో 400 గ్రాములు ఒకే ప్లాస్టిక్ కప్పులో కలిపి, రంగులు ఎంచుకుంటూ కూర్చున్నాను. పావుగంట తర్వాత కప్పు పట్టుకోబోతే చెయ్యి చురుక్కుమంది. చూస్తుండగానే రెజిన్ పసుపు పచ్చగా మారింది, తెల్లటి పొగ వచ్చింది, కప్పు అడుగు మెత్తబడి ఒరిగిపోయింది. టెన్షన్‌తో బాల్కనీలో సిమెంటు నేల మీద పెట్టి దూరంగా నిలబడ్డాను. చల్లారాక లోపలంతా పగుళ్లు. అలాంటప్పుడు లోపలి వేడి 100 డిగ్రీలు దాటిపోతుంది. ఆ పొగ పీల్చకూడదు, ఆ కప్పును చెత్తబుట్టలో పడేయకూడదు. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలోకి పోసేస్తే ఇది జరగదు. ఎండాకాలంలో నేను 150 గ్రాములకు మించి ఒకసారి కలపను.

ఒక్కసారిలో ఎంత మందం పోయవచ్చన్నది కూడా ఇక్కడే తేలుతుంది. పై పూతకు అమ్మే చిక్కటి రెజిన్ సాధారణంగా 3 నుంచి 6 మిల్లీమీటర్ల వరకే. లోతైన దిమ్మలకు వేరే రకం ఉంటుంది. అది నీళ్లలా పలచగా ఉండి నిదానంగా ముడిపడుతుంది కాబట్టి వేడి నిలవదు. ఒకదాని పనికి ఇంకొకటి వాడితే ఒకటి పొగలు కక్కుతుంది, ఇంకొకటి రోజులు గడిచినా మెత్తగా ఉంటుంది.

బెంగళూరు చలి, చెన్నై తేమ

వదిన కోస్టర్లకు జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. చలికాలం రాత్రిళ్లు 16 డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ చలిలో చర్య మందగిస్తుంది, ఆగిపోదు. కొలత సరిగ్గా ఉంది కాబట్టి మూడో రోజుకు వదిన కోస్టర్లు చక్కగా గట్టిపడ్డాయి. అప్పటికే రెండు పడేసింది పాపం. ఇప్పుడు థర్మాకోల్ పెట్టెలో అచ్చు పెట్టి, పక్కన వేడినీళ్ల సంచి ఒకటి ఉంచి మూత పెడుతుంది.

చలిలో ఇంకో రెండు ఇబ్బందులు ఉన్నాయి. రెజిన్ చిక్కబడి గాలి బుడగలు పైకి రావు. సీసాలను మూతతోనే పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి, బయట తడి పూర్తిగా తుడిచి, అప్పుడు కలిపితే బుడగలు చాలావరకు తగ్గుతాయి. రెండోది, చలికి రెజిన్ సీసాలో తెల్లటి పలుకులు కడతాయి. పేరుకున్న నెయ్యిలా కనిపిస్తుంది. పాడైపోలేదు. 50 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచితే మళ్లీ తేటపడుతుంది. పలుకులు మొత్తం కరిగాకే వాడాలి.

నా కోస్టర్ల మీద పొర సంగతి వేరు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. గాలిలో తేమ ఎక్కువ. పైభాగంలో ఉన్న అమీన్లు రెజిన్‌తో కలిసేలోపే గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఆ మైనపు పొరను తయారు చేస్తాయి. దాన్ని సాండ్ పేపరుతో రుద్దితే ఇంకా పూసుకుపోతుంది. ముందు గోరువెచ్చని సబ్బు నీళ్లతో, పాత్రలు తోమే పీచుతో కడగాలి. ఆ పొర నీళ్లకు పోతుంది. బాగా ఆరాక రుద్ది, అవసరమైతే మరో పలచటి పూత వేసుకోవాలి.

ఏసీ వేస్తే గదిలో తేమ తగ్గుతుంది, కానీ తలుపులు మూసిన గదిలో ఆవిర్లు మనమే పీలుస్తాం. కిటికీలు తెరిస్తే గాలి బాగుంటుంది, తేమ లోపలికొస్తుంది. నేను చేసేది ఇది: వాన పడని రోజు పొద్దున 11 దాటాక, కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి కలిపి పోస్తాను. పోశాక పైన పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లిస్తాను. దుమ్ము పడదు, తడిగాలి తగ్గుతుంది. ఎడతెరిపి లేని వానల వారంలో ఆ పని పెట్టుకోను.

కాబట్టి వస్తువు జిడ్డుగా ఉందంటే కారణం ఒక్కటే కాదు. అంతా సమానంగా మెత్తగా ఉండి, రోజురోజుకూ కాస్త గట్టిపడుతుంటే చలి. పైన మాత్రమే జిడ్డు, కడిగితే పోతుంటే తేమ. అక్కడక్కడ మచ్చలుగా జిగట ఉంటే సరిగ్గా కలపలేదు. మూడు రోజులైనా అంతటా జిగటగానే ఉంటే కొలత తప్పింది. ఈ ఆఖరి దానికి మందు లేదు. గీకి తీసేసి కొత్తగా పోయాల్సిందే.

పెళ్లి దండ

ఇప్పుడు రెజిన్ పనిలో అందరూ అడిగేది పెళ్లి దండల్ని భద్రం చేసి పెట్టమని. నాకు ఈ పని మీద ఉన్న ప్రేమలో సగం దీనివల్లే. ఒక జంట జీవితంలో అంత ముఖ్యమైన రోజు మెడలో పడిన పూలు మన చేతికి ఇస్తున్నారంటే, అది మామూలు ఆర్డరు కాదు.

పచ్చి పువ్వులో చాలా భాగం నీరే. దాన్ని అలాగే రెజిన్‌లో ముంచితే లోపలి తడి బయటికి రాలేక రేకలు గోధుమ రంగుకు తిరుగుతాయి, చుట్టూ మబ్బుగా మారుతుంది, బుడగలు చేరతాయి. కాబట్టి పని అంతా రెజిన్ తెరవక ముందే ఉంది. నెల్లూరు నుంచి మా చుట్టాలమ్మాయి దండ పంపినప్పుడు పెళ్లయి రెండో రోజు. గులాబీలు వాడిపోయాయి గానీ కుళ్లలేదు. దారం కత్తిరించి పూలు విడదీశాను. గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ ఒక పొర వేసి, పూలు తలకిందులు కాకుండా నిలబెట్టి, రేకల మధ్యలోకి చెంచాతో జెల్ నింపి, పైన కప్పేసి మూత పెట్టాను. చెన్నైలో గోడకు వేలాడదీసి ఆరబెట్టాలని చూస్తే వానల్లో బూజు పడుతుంది, అది నేను ముందే చూశాను.

ఎన్ని రోజులు ఉంచాలి అని అడుగుతారు. రోజులు లెక్కపెట్టడం కంటే తూచడం నమ్మకం. ఒక పువ్వును గుర్తుపెట్టుకుని రోజూ త్రాసు మీద పెడతాను. ఆ దండలో పది గ్రాముల గులాబీ అయిదో రోజుకు రెండు గ్రాముల దగ్గరికి వచ్చి, ఆరో రోజూ అక్కడే ఆగింది. బరువు తగ్గడం ఆగిందంటే నీరు పోయినట్టే. తేమ పీలిస్తే రంగు మారే జెల్‌లో నీలం రకం కంటే నారింజ రంగుది తీసుకోవడం మంచిది. నీలానికి ఆ రంగునిచ్చే కోబాల్టు లవణం విషపదార్థం.

రంగుల గురించి ముందే చెప్పేస్తాను. ఎర్ర గులాబీ ముదురు మెరూన్ అవుతుంది. మల్లెలు తెల్లగా ఉండవు, మీగడ రంగుకో లేత గోధుమకో దిగుతాయి. పసుపు కొమ్ము, పసుపు తాడు కూడా పెట్టమని అడిగేవాళ్లున్నారు. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబారుతుంది. పసుపుకు సున్నం కలిపి కుంకుమ చేసేది ఆ గుణంతోనే. హార్డెనర్ కూడా క్షారమే. పైగా పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. అందుకని ముందు ఒక చిన్న ముక్క మీద చేసి చూపించి, వాళ్లు సరేనంటేనే పెడతాను.

ఎండిన పూలు తేలిక, తేలిపోతాయి. అడుగున ఒక పలచటి పొర పోసి, అది వేలికి జిగటగా తగిలే దశలో పూలు అమర్చి, తర్వాత లోతైన దిమ్మలకు వాడే రెజిన్‌తో సెంటీమీటరు చొప్పున పొరలు పోయాలి. కింది పొర జిగటగా ఉన్నప్పుడే పైది పోస్తే రెండూ చేతులు కలుపుకుంటాయి. పూర్తిగా గట్టిపడ్డాక పోయాల్సి వస్తే ముందు సాండ్ పేపరుతో గరుకు చేయాలి, లేకపోతే మధ్యలో గీత కనిపిస్తుంది, ఎప్పుడో విడిపోనూ వచ్చు.

కాఫీ టంబ్లరు మచ్చ

అచ్చులోంచి తీయడానికి సుమారు ఒక రోజు చాలు. పూర్తి బలం రావడానికి వారం పడుతుంది. వల ఇంకా బిగుసుకుంటూనే ఉంటుంది. మొదట్లో నేను రెండో రోజే బబుల్ ర్యాప్‌లో చుట్టి బస్సు పార్సిల్‌లో విజయవాడకు పంపిన నేమ్ ప్లేటు మీద ఆ బుడగల గుర్తులన్నీ అచ్చుపడ్డాయి. ఎనిమిదో రోజు కంటే ముందు ఇప్పుడు ఏదీ పంపను.

వారం గడిచాక కూడా దీనికి హద్దులున్నాయి. హాబీ రెజిన్లలో చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. మన ఫిల్టర్ కాఫీ అంతకంటే వేడిగా ఉంటుంది. పొగలు కక్కే కాఫీ స్టీలు టంబ్లరులో పోసి నేరుగా కోస్టరు మీద పెడితే గుండ్రటి మచ్చ పడటం ఖాయం. డవరాలో పెడితే ఆ మచ్చ పడకుండా కాస్త అడ్డు. ఎక్కువ వేడి తట్టుకునే రకాలు వేరే దొరుకుతాయి, కోస్టర్లకు అవే వాడాలి.

పూజ పళ్లేల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. కుంకుమ, పసుపు, అక్షింతలు పెట్టుకోవడానికి చేసిస్తాను. హారతి పళ్లేలు, దీపం పెట్టేవి చెయ్యను. గట్టిపడిన ఎపాక్సీ కూడా అంటుకుంటే మండుతుంది, నల్లటి పొగ వస్తుంది. దేవుడి గదిలో, పిల్లలు తిరిగే చోట కర్పూరం వెలిగించే వస్తువు దీనితో చేయడం ఎంత అందంగా ఉన్నా సరికాదు. తినే కంచాలు, తాగే గ్లాసులు కూడా చెయ్యను. పొరపాటు కొలతతో మిగిలిపోయిన పదార్థం కంటికి కనిపించదు.

రంగు మారడం గురించి కూడా ముందే చెప్పాలి. "పసుపెక్కదు" అని రాసి ఉన్నా ఏ ఎపాక్సీ అయినా ఎండ తగిలే కొద్దీ పసుపెక్కుతుంది. మంచి రకాల్లో వేసే రక్షణ పదార్థాలు దాన్ని నిదానం చేస్తాయి, అంతే. తెల్లటివి, తేటగా ఉన్నవి ముందు బయటపడతాయి. నేమ్ ప్లేటు ఎండ నేరుగా పడే గోడకైతే ముదురు రంగులు ఎంచుకోమని చెబుతాను.

చేతులు, కళ్లు, ఊపిరి

సీసా మీద "నాన్ టాక్సిక్" అని ఉంటే గట్టిపడ్డాక, చెప్పిన విధంగా వాడితే అన్న అర్థంలో తీసుకోవాలి. ద్రవంగా ఉన్నప్పుడు రెజిన్‌కూ హార్డెనర్‌కూ చర్మానికి ఎలర్జీ తెప్పించే గుణం ఉంది. ఇది మొదటి రోజే రాదు. పదిసార్లు ఏమీ కాకపోవచ్చు, పదకొండోసారి మణికట్ల మీద, కనురెప్పల మీద దద్దుర్లు లేస్తాయి. ఒకసారి వచ్చాక సాధారణంగా జీవితాంతం ఉంటుంది. తర్వాత ఎంత కొంచెం తగిలినా మళ్లీ లేస్తుంది. మా అపార్టుమెంటులో నాతోపాటే మొదలుపెట్టిన ఒక అక్క గ్లవ్స్ లేకుండా ఆరు నెలలు చేసి, ఇప్పుడు రెజిన్ ఉన్న గదిలోకి రాలేకపోతున్నారు. ఆవిడ చేతి పని నాకంటే ఎంతో బాగుండేది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధ.

నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, మామూలు రబ్బరువి చాలవు. చర్మం మీద పడితే పొడి టిష్యూతో తుడిచి సబ్బు నీళ్లతో కడగాలి. అసిటోను, థిన్నరు, శానిటైజరు పూస్తే అది పలచబడి చర్మంలోకి ఇంకా దిగుతుంది. ఎన్-95 మాస్కు రుద్దేటప్పుడు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరికైతే దాన్ని పీల్చుకునే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. రుద్దడం ఎప్పుడూ నీళ్లతో తడిపి చేస్తే దుమ్ము లేవదు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే వాళ్లు మసలే గదిలో ఈ పని పెట్టుకోవద్దు. యూవీ రెజిన్‌కు వాసన తక్కువ కదా అని పిల్లల చేతికి ఇస్తుంటారు. ఎలర్జీ విషయంలో అది ఏమాత్రం మెత్తనిది కాదు.

మిగిలిపోయిన ద్రవాన్ని సింకులో పోయకూడదు. కలపకుండా పారేయకూడదు. గట్టిపడ్డ ఎపాక్సీని కరిగించి మళ్లీ వాడుకునే దారి మన ఇళ్లల్లో లేదు, అందుకే కలిపేటప్పుడే లెక్కగా కలపాలి. నా దగ్గర రూపాయి బిళ్లంత అచ్చు ఒకటి ఉంది. ప్రతిసారీ కప్పులో మిగిలిన నాలుగు చుక్కలు అందులో పోస్తాను. మర్నాడు తీసి, వెనక తేదీ, ఆ రోజు గది వేడి, తేమ మార్కరుతో రాసి డబ్బాలో వేస్తాను. ఇప్పుడు ఆ డబ్బాలో నూటికి పైగా బిళ్లలున్నాయి. మే నెలవి కొన్ని కాస్త పసుపు తిరిగాయి. జనవరివి తేటగా ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ఉన్న ఆ మొదటి డిసెంబరు బిళ్లను మాత్రం కడగలేదు. దాని మీది మైనపు పొర ఇప్పటికీ వేలికి తగులుతుంది.